రైలు రాని స్టేషను

గత సంవత్సరం అల్లాహ్ అనుగ్రహంతో నాకు, నా భార్యకు, మా చిన్నబ్బాయికి ఉమ్రా చేసే భాగ్యం కలిగింది. పవిత్ర నగరాల గురించి పెద్దలు ఎందరో రాశారు. ఆ మహత్తును వర్ణించే శక్తి నా కలానికి లేదు. నేను చెప్పదలచినది మదీనాలోని ఒక రైల్వే స్టేషను గురించి. ఆ స్టేషనులో ఇప్పుడు ఏ రైలూ ఆగదు.

మక్కా నుండి మదీనాకు మేము హరమైన్ రైలులో వెళ్ళాము. 2018లో ప్రారంభమైన ఈ మార్గం పొడవు సుమారు 450 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో బండి సాగుతూ ఉంటే ఒంటెల బిడారులు నడిచిన ఎడారి కిటికీలో నుండి చిత్రపటంలా జారిపోయింది. మా అబ్బాయి దారి పొడవునా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. నేను మాత్రం ఫొటోల విషయంలో వెనుకబడినవాణ్ణి. ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉన్నది. నేను మా ఉస్తాదుల మాట మీద నిలిచి ప్రాణుల చిత్రాలకు దూరంగా ఉంటూ వచ్చాను. అయితే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక చిత్రకారునికి, తప్పనిసరి అయితే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని చెప్పిన సంగతి మా విద్యార్థులకు నేనే బోధిస్తాను. ఆ వెసులుబాటును మొట్టమొదటిసారి ఉపయోగించుకున్నది మదీనాలోనే.

మస్జిదె నబవీకి నైరుతి దిశగా కొంత దూరం నడిస్తే అంబరియా ప్రాంతం వస్తుంది. అక్కడ జంట మీనార్ల అంబరియా మస్జిదు, దాని సమీపంలోనే కమానుల వరుసతో రెండంతస్తుల నల్లరాతి భవనం కనిపిస్తాయి. అదే హిజాజ్ రైల్వే వారి మదీనా స్టేషను. ఇప్పుడది మ్యూజియం.

దీని చరిత్ర ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోదగినది. డమాస్కస్ నుండి మదీనాకు హాజీల బిడారు చేరడానికి సుమారు నలభై రోజులు పట్టేది. దాహం, వ్యాధి, దోపిడీ అడుగడుగునా పొంచి ఉండేవి. 1900లో ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ ఈ రెండు నగరాల మధ్య రైలుమార్గం నిర్మించాలని సంకల్పించారు. విదేశీ అప్పు తీసుకోరాదని, ముస్లింల సొమ్ముతోనే పూర్తి చేయాలని నిర్ణయించారు. సుల్తాన్ తన సొంత ధనం ఇచ్చారు. దేశదేశాల నుండి విరాళాలు వచ్చాయి. వాటిలో మన దేశపు పేదల చిల్లర నాణేలూ ఉన్నాయి. అమృత్‌సర్‌లో పత్రికా సంపాదకులు ముహమ్మద్ ఇన్షాఅల్లాహ్, మన హైదరాబాద్‌లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఈ విరాళాల కోసం నడుం కట్టారు. జర్మన్ ఇంజనీరు మైస్నర్ పర్యవేక్షణలో ఉస్మానియా సైనికులు రాళ్ళు మోసి, గట్లు పోసి, వంతెనలు కట్టారు. పవిత్ర భూమి సమీపించిన చివరి భాగాన్ని ముస్లిం ఇంజనీర్లే పూర్తి చేశారు. 1908 సెప్టెంబర్ 1న మదీనా స్టేషను ప్రారంభమైంది. నలభై రోజుల ప్రయాణం కొద్ది రోజులకు తగ్గింది.

కాని ఆ సౌభాగ్యం పదేళ్ళకు మించి నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో తిరుగుబాటు చెలరేగి పట్టాలను, వంతెనలను పేల్చివేశారు. ముట్టడిలో ఉన్న మదీనా దండు 1919 జనవరిలో లొంగిపోయింది. ఆ తర్వాత దక్షిణ భాగం మళ్ళీ కోలుకోలేదు. మక్కా వరకు మార్గం వేయాలన్న కోరిక కోరికగానే మిగిలింది.

ఆవరణలో పాత ఇంజన్లను భద్రపరిచారు. మా అబ్బాయి వాటి ఫొటోలు తీసుకుంటూ ఉంటే, నేను ఫోను చేతబట్టి వేరొక వైపు నడిచాను. రాతి కమానులను తీశాను. ఖాళీ ప్లాట్‌ఫారాన్ని తీశాను. ఇసుక కమ్మిన పట్టాల దగ్గర వంగి కూర్చొని, పట్టాను దిమ్మెకు బిగించిన బందులను తీశాను.

“అబ్బా, ఒక్క దానిలోనూ రైలు లేదేమిటి? ఇంజను అటువైపు ఉన్నది కదా!” అని వాడు నవ్వాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ జవాబు మా నాన్నగారిది.

మా నాన్నగారు రైల్వేలో కీమాన్. గోదావరి మీద పాత హావ్‌లాక్ వంతెన ఉన్న రోజులవి. 1900 నుండి 1997 వరకు బండ్లను మోసిన ఆ 56 ఖానాల వంతెనకు ఇవతల ఆయన బీటు. తెల్లవారకముందే ఫజ్ర్ నమాజు చేసుకొని, భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండాలతో బయలుదేరేవారు. వదులైన చావీలను కొట్టుకుంటూ, బోల్టులు బిగించుకుంటూ మైళ్ళ కొద్దీ నడిచేవారు. బండి వస్తే పక్కకు తప్పుకొని, అది పోగానే మళ్ళీ పట్టాలనే చూసేవారు. “బండిని అందరూ చూస్తారు బేటా, పట్టాను చూసేవాడు ఒక్కడన్నా ఉండాలి” అనేవారు.

ఆయన పంపిన మనీ ఆర్డర్ల మీదనే నేను దూరదేశపు మదరసాలో చదువుకున్నాను. అక్కడ తోటి విద్యార్థులు “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని అడిగితే “రైల్వేలో ఉద్యోగం” అని ఊరుకునేవాణ్ణి. ఒకసారి ఒకరు “స్టేషన్ మాస్టరా?” అంటే కాదనలేదు. అది అబద్ధం కాదని నాకు నేనే ఫత్వా ఇచ్చుకున్నాను. హలాల్ సంపాదన గురించి ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెప్పే ఈ నోరు ఆనాడు ఒక కీమాన్ చెమటను దాచిపెట్టింది. నాన్నగారికి ఆ సంగతి తెలియదు. హజ్ చేయాలన్నది ఆయన జీవితకాల కోరిక. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు చాలింది. హజ్ మిగిలిపోయింది.

ఇదంతా ఆ పట్టాల పక్కనే కూర్చొని మా అబ్బాయికి చెప్పాను. వాడు నవ్వడం మానుకొని నా పక్కన కూర్చున్నాడు.

నియ్యత్‌ను గురించిన సుప్రసిద్ధ హదీసును ప్రతి యేటా మొదటి పాఠంగా చెబుతాను. దాని అర్థం ఆ ఖాళీ స్టేషనులో మరింత లోతుగా తెలిసింది. హైదరాబాద్ గల్లీలో ఒక పేదవాడు ఇచ్చిన రూపాయి ఇక్కడ ఏ దిమ్మె కింద ఉన్నదో ఎవరికీ తెలియదు. అతడు ఈ రైలు ఎక్కలేదు, చూడనూ లేదు. బండి ఆగిపోయింది, రాజ్యం పోయింది. అతని సంకల్పం మాత్రం అల్లాహ్ వద్ద భద్రంగా ఉంటుంది. తాను ఎక్కని బండ్ల కోసం పట్టాలు కాచిన కీమాన్ శ్రమ కూడా అంతే కదా!

స్టేషను ఆవరణలోనే మస్జిదె సుఖ్యా అనే చిన్న మస్జిదు ఉన్నది. బద్ర్‌కు వెళ్తూ దైవప్రవక్త (స) ఇక్కడ ఆగి మదీనా వాసుల కొలతలలో శుభం ప్రసాదించమని దుఆ చేశారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. అక్కడ నిలబడి నాన్నగారి మన్నింపు కోసం, నా మన్నింపు కోసం చేతులెత్తాను.

తిరిగి వచ్చిన తర్వాత మా అబ్బాయి తానే అడిగి నన్ను రాజమండ్రికి తీసుకువెళ్ళాడు. బండ్లు నడవని హావ్‌లాక్ వంతెన గోదావరి మీద నిశ్శబ్దంగా ఉన్నది. ఈసారి ఫోను వాడి చేతిలో ఉన్నది. స్తంభాలను, గడ్డర్లను తీశాడు. తీసి, “తాతగారు ఎక్కడి నుండి నడక మొదలుపెట్టేవారు అబ్బా?” అని అడిగాడు. చూపించాను.

ఈ షవ్వాల్‌లో కొత్త తరగతి మొదలైనప్పుడు పిల్లలను వారి తండ్రుల వృత్తుల గురించి అడిగాను. ఒక బాలుడు తలవంచుకొని మెల్లగా “మా నాన్న రిక్షా తొక్కుతారు” అన్నాడు. “మా నాన్నగారు రైలు పట్టాల మీద చావీలు కొట్టేవారు” అని చెప్పి, పాఠం మొదలుపెట్టాను.