9999 ఆటల క్యాసెట్

మా తరం పిల్లలు ఆడుకున్న వీడియో గేమ్ వయసులో మాకంటే పెద్దది. నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే పేరుతో దాన్ని జపాన్‌లో 1983 జులై 15న అమ్మకానికి పెట్టింది. మేము, అంటే అక్కాతమ్ముళ్ళం ఇద్దరమూ, అప్పటికింకా పుట్టనే లేదు. మన దేశంలో అలాంటి యంత్రాలు సమురాయ్ అనీ, మీడియా అనీ రకరకాల పేర్లతో దొరికేవి. పేరే లేని నకళ్ళూ బోలెడు. 1997 వేసవిలో విశాఖపట్నంలో నాన్నగారు మాకు కొనిపెట్టింది పేరులేని రకమే. అప్పటికి జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి తెలియదు కనుక మాకు ఏ లోటూ అనిపించలేదు.

ఇవాళ మీకు గేమ్ అంటే డౌన్‌లోడ్. మాకు క్యాసెట్. అరచేతిలో పట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా. దాన్ని యంత్రం నెత్తిన గుచ్చి, యంత్రం వైరును టీవీకి యాంటెనా తగిలించే చోట తగిలించి, బొమ్మ వచ్చేదాకా ఛానల్ తిప్పుకోవాలి. రాకపోతే క్యాసెట్ తీసి, నోటితో ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టాలి. ఈ ఊదడం మాకు ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పిల్లలు అదే పని చేస్తూ కనిపించారు. అమెరికాలో పిల్లలూ ఊదేవారట! నిజానికి ఊపిరిలోని తేమ వల్ల లోపలి లోహపు పట్టీలు పాడవుతాయి. ఊదవద్దని నింటెండోవాళ్ళే చెప్పారు. క్యాసెట్ తీసి మళ్ళీ సరిగ్గా గుచ్చడం వల్లే బొమ్మ వచ్చేది. ఈ రహస్యం మాకు తెలిసేసరికి మా యంత్రం అటకెక్కి చాలా కాలమైంది.

క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని పెద్ద అంకెల్లో ఉండేది. రోజుకొక ఆట ఆడినా ఇరవై ఏడేళ్ళు పడుతుందని లెక్క కట్టి, ఆ రాత్రి మేము నిద్రపోలేదు. తెల్లారి కూర్చుని చూస్తే ఆటలు ఇరవై. ఇరవై ఒకటో నంబరు నుంచి మళ్ళీ అవే, పేర్లు మార్చుకుని వరసలో నిలబడ్డాయి. ఒకటి మూడో లెవెల్ నుంచి మొదలవుతుంది, ఇంకొకటి వేరే తుపాకీతో మొదలవుతుంది, అంతే తేడా. పట్టుదలకు పోయి రెండు వందల దాకా చూశాం. ఆ పైన ఓపిక లేకపోయింది.

ఆ ఇరవైలోనూ మోసపోవడం తప్పలేదు. సూపర్ మారియోలో ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు లెవెళ్ళు. ప్రతి నాలుగో లెవెల్‌లోనూ కోట దాటి నిప్పుల్లోంచి బయటపడితే, పుట్టగొడుగు టోపీ పెట్టుకున్న ఒక బుల్లి మనిషి థాంక్యూ చెప్పి, రాకుమారి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందంటాడు. ఒకసారి కాదు, ఏడుసార్లు. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి లోకం, మొదటి అడుగు.

1998లో నాన్నగారికి టాటానగర్ బదిలీ అయింది. అప్పట్లో వాల్తేరు, ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్ డివిజన్లు మూడూ సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉండేవి. టాటానగర్ చక్రధర్‌పూర్ డివిజన్ కిందికి వస్తుంది. అలా తెలుగు రైల్వే కుటుంబాలు కొన్ని ఈ మూడింటి మధ్యే పెట్టెలు సర్దుకుంటూ తిరిగేవి. జార్ఖండ్ రాష్ట్రం ఇంకా రాలేదు, జంషెడ్‌పూర్ బీహార్‌లో ఉండేది. ఇప్పుడు తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఊళ్ళు మారి మారి మళ్ళీ ఈ ఊరే చేరాం కానీ, అప్పుడు దిగినప్పుడు ఇది మాకు పరాయి ఊరు.

మాకు వచ్చింది పుస్తకంలో హిందీ. వీధిలో పిల్లలు మాట్లాడేది హిందీ, బెంగాలీ, సంతాలీ కలిసిన మాట. పదిహేను రోజులు సాయంత్రాలు కిటికీ దగ్గరే గడిచాయి. ఆ కిటికీ తీసి ఉండటమే మంచిదైంది. ఒకరోజు లోపల కాంట్రా ఆడుతుంటే ఆ చప్పుడు విని ఎదురింటి అబ్బాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “కాంట్రా?” అన్నాడు. తలూపాం. లోపలికి వచ్చి రెండో రిమోట్ అందుకున్నాడు.

మా యంత్రం పెట్టె మీద తొమ్మిది వేల ఆటల గురించి రాసి ఉంది కానీ, ఆ రెండో రిమోట్ గురించి ఒక్క ముక్క లేదు.

వాడు ముందుగా ఆట ఆపించి, మొదటి రిమోట్ మీద చకచకా ఏవో నొక్కాడు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. మూడు ప్రాణాలకు బదులు ముప్పై వచ్చాయి! ఈ మీటల వరస పెట్టింది కజుహిసా హషిమోతో అనే జపాన్ ప్రోగ్రామర్. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఫ్యామికామ్ కోసం తయారుచేస్తూ, అది మరీ కష్టంగా ఉండి పరీక్షించడం కుదరక, తన సౌకర్యం కోసం పెట్టుకున్నాడు. అది అందులోనే ఉండిపోయింది. తర్వాత కాంట్రాలోకీ వచ్చింది. ఇంటర్నెట్ లేని రోజుల్లో, ఒక ఆఫీసు గదిలో పుట్టిన వరస నోటి మాటగా తిరిగి తిరిగి టాటానగర్ రైల్వే కాలనీకి చేరింది. మాకూ ఆ అబ్బాయికీ మధ్య తడబడకుండా నడిచిన మొదటి సంభాషణ అదే.

కాంట్రాలో జలపాతం లెవెల్ ఒకటుంది. ఒకడు తొందరపడి పైకి ఎక్కితే తెర పైకి జరిగిపోయి, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. ‘ఆగు’ అనే మాటను హిందీలోనూ సంతాలీలోనూ మేము అక్కడే నేర్చుకున్నాం. వాడు తెలుగులో నేర్చుకున్నాడు, కొంచెం ఎక్కువ గట్టిగా. బ్యాటిల్ సిటీలో మన గద్దను కాపాడుకోవాలి. దాని చుట్టూ ఉన్నది ఇటుక గోడ. పార బొమ్మ దొరికితే కాసేపు ఆ గోడ ఉక్కుగోడ అవుతుంది. 1912 నుంచి ఉక్కు పోస్తున్న ఊరు కదా, పార దొరికినప్పుడల్లా వాడు “టాటా!” అని అరిచేవాడు. ఈ ఆటలో పక్కవాడి ట్యాంకును మనం పేల్చితే అది కాసేపు కదలకుండా ఉండిపోతుంది. ఆ సౌకర్యాన్ని ముగ్గురమూ వంతులవారీగా బాగానే వాడుకున్నాం.

రాకుమారిని చూసింది మాత్రం కద్మాలో. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ళ రామమందిరంలో అమ్మకు ఒక పిన్నిగారు పరిచయమయ్యారు. వాళ్ళది కంపెనీ క్వార్టరు. కంపెనీయే కరెంటు ఇచ్చేది, పోవడం చాలా అరుదు. మా వైపు అలా కాదు. అందుకని ఆదివారాలు యంత్రాన్ని సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. అన్నానికి లేచినా ఆట ఆపి ఉంచి వెళ్ళవచ్చు, మారియో గాలిలో అలాగే నిలబడి ఉండేవాడు. అలా ఒక ఆదివారం ఎనిమిదో లోకం చివరి కోట దాటాం. రాకుమారి నిలబడి ఉంది. థాంక్యూ చెప్పింది. ఇదే ఆట మళ్ళీ ఇంకొంచెం కష్టంగా ఆడుకోమంది. అంతే!

“అయిపోయిందా? ఈ పిల్ల కోసమేనర్రా రెండు నెలల నుంచీ?” అన్నారు పిన్నిగారు వెనకనుంచి.

వాళ్ళింట్లో ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉండేది, బాతుల వేట ఆటకి. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చదరం వెలుగుతుంది. తుపాకీలోంచి ఏమీ వెళ్ళదు. ఆ వెలుగును అది చూస్తుంది, అంతే. ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు రిమోట్‌తో బాతును తప్పించవచ్చని అనుకోకుండా కనిపెట్టాం. ఆ తర్వాత తుపాకీ కంటే బాతు కోసమే ఎక్కువ పోట్లాట. పాత డబ్బా టీవీల మీద తప్ప ఆ తుపాకీ పనిచేయదు, నేటి పలుచటి టీవీల్లో ఆ రెప్పపాటు లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది, ఇప్పటికీ మాతో ఉన్నదీ ఎక్సైట్‌బైక్. మోటారుసైకిళ్ళ పందెం. అందులో డిజైన్ అని ఒక విభాగం ఉంది. మిట్టలు, గుంటలు మనకు నచ్చినట్టు పేర్చి సొంత ట్రాక్ చేసుకోవచ్చు. ఒక్కో మిట్టకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం గుర్తు. పక్కనే సేవ్, లోడ్ అని రెండు మాటలు కూడా ఉంటాయి. ముగ్గురమూ సాయంత్రమంతా కష్టపడి ట్రాక్ కట్టి, సేవ్ నొక్కి, తృప్తిగా స్విచ్ ఆపేవాళ్ళం. మర్నాడు లోడ్ నొక్కితే ఏమీ ఉండేది కాదు. మీట సరిగ్గా నొక్కలేదేమోనని వారం రోజులు వేళ్ళు మార్చి మార్చి నొక్కాం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది: ట్రాక్‌ను దాచడానికి టేపు రికార్డరు లాంటి పరికరం వేరే ఉండేదనీ, దాన్ని జపాన్‌లో మాత్రమే అమ్మారనీ. పరికరం రాలేదు, మాటలు మాత్రం ఆటతోపాటు ఊళ్ళు తిరిగాయి.

ఎనిమిదో రోజున ఎదురింటి అబ్బాయి తన గళ్ళ లెక్కల నోటుబుక్కు తెచ్చాడు. మిట్ట ఉన్న చోట దాని అక్షరం, ఖాళీ ఉన్న చోట ఖాళీ గడి. ట్రాక్ మొత్తం పెన్సిలుతో ఎక్కించాడు. మర్నాడు ఒకరు చదువుతుంటే ఒకరు పేర్చారు, అయిదు నిమిషాల్లో ట్రాక్ మళ్ళీ నిలబడింది. ఆపైన రోజుకొక పేజీ.

2000 వేసవిలో ఖరగ్‌పూర్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాను లారీకి ఎక్కించే రోజు వాడు నోటుబుక్కంతా మాకే ఇచ్చేశాడు. మొదటి పేజీల్లో భిన్నాల లెక్కలూ, వాటి మీద వాళ్ళ మాస్టారు ఎర్ర ఇంకుతో పెట్టిన సున్నాలూ అలాగే ఉన్నాయి. ఆ తర్వాత అటు రెండు, ఇటు రెండు ఉత్తరాలు నడిచి ఆగిపోయాయి. ఎలా ఆగిపోతాయో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఖరగ్‌పూర్‌లో పక్క క్వార్టరు అమ్మాయి బెంగాలీ. నోటుబుక్కు తెరిచి మొదటి ట్రాక్ పేర్చి, రెండో రిమోట్ పట్టుకున్న మాతో ఏమీ అనకుండా బండి నడిపింది. మూడో మిట్ట దగ్గర బోర్లా పడింది. ఎవరు కట్టారని అడిగింది. చెప్పాం. పెన్సిలు తీసుకుని, చివరి అక్షరం తర్వాత రెండు గడులు వదిలి, ఇంకో మూడు అక్షరాలు చేర్చింది.