ఆగిన పాదాలు, ఆగని దూరం

ఎర్రలైటు దగ్గర పరుగు ఆపిన మనిషి కదలకపోయినా, చేతికున్న జీపీఎస్ వాచీ ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని లెక్కగడుతూనే ఉంటుంది. ఎత్తైన భవనాల గోడలకు తగిలి ఆలస్యంగా చేరే సంకేతాల వల్ల ఆ స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది గనుక, మ్యాప్‌లో ఆ చోట చిక్కుపడ్డ దారంలాంటి గీత కనిపిస్తుంది, పరిగెత్తని దూరం కూడా మొత్తంలో కలిసిపోవచ్చు. దీన్ని అరికట్టడానికి ఆటో పాజ్, అంటే వేగం ఒక హద్దుకన్నా తగ్గగానే సమయం, దూరం లెక్కలను నిలిపివేసే ఏర్పాటు, తోడ్పడుతుంది. అయితే ఆగినట్టూ తిరిగి కదిలినట్టూ అది గుర్తించేలోగా కొన్ని సెకన్లు గడిచిపోతాయి. ఆగిన సమయాన్ని మినహాయించిన సగటు వేగం శిక్షణకు పనికొస్తుంది గానీ, 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో నీళ్ల కోసం నిలబడ్డ ప్రతి సెకనూ తుది సమయంలో చేరుతుంది కాబట్టి, పోటీనాడు మాత్రం ఆ ఏర్పాటును తీసివేయడమే మేలు.