కంకిపాడు దారిలో కొత్త బళ్లు

విజయవాడ నుంచి బందరు రోడ్డున పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు దాటి వెళితే సుమారు 15 కిలోమీటర్లలో కంకిపాడు వస్తుంది. చుట్టూ కృష్ణ కాలువల కింద పండే వరిచేలు. ఒకప్పుడు ఈ దారిన ధాన్యం బళ్లు కిర్రుమంటూ నడిచేవి. ఇప్పుడు మీరు రోడ్డు పక్కన కాసేపు నిలబడితే, చప్పుడన్నది లేకుండా దాటిపోయే స్కూటర్లూ, ఆటోలూ, కార్లూ కనిపిస్తాయి. వాటికి పెట్రోలు అక్కర్లేదు, పొగగొట్టం లేదు. అవి బ్యాటరీ బళ్లు.

ఈ ఊళ్లలో గడ్డివాములు మీరు చూసే ఉంటారు. తడిగడ్డిని వామి వేస్తే పెద్దలు కోప్పడతారు. ఎందుకో తెలుసా? తడిసిన గడ్డి లోపల మాగి వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గియ్యకుండానే వామి అంటుకోవటం కద్దు. బ్యాటరీ మండటం కూడా ఇంచుమించు ఇలాంటిదే.

స్కూటరు బ్యాటరీ పెట్టె ఒకే ముక్క కాదు. దానిలో లిథియం సెల్లులు వరసలుగా పేర్చి ఉంటాయి. కొన్ని కార్లలో అవి వేలకు వేలు! ఒక్కొక్క సెల్లులో రెండు పలచని రేకులు, వాటి మధ్య ప్లాస్టిక్ పొర, ఆ పొరను తడుపుతూ తేలికగా మండే ద్రవం ఉంటాయి. దెబ్బ తగిలినా, తయారీలో లోపమున్నా, మితిమీరి ఛార్జి చేసినా పొర చెడి రేకులు తాకవచ్చు. సెల్లు కాగిపోతుంది. దాని వేడికి పక్కది, ఆ పక్కది! పైగా చాలా రకాల సెల్లులు కాలేటప్పుడు ఆక్సిజన్‌ను అవే విడుస్తాయి. అందుకే పైన ఏది కప్పినా ఈ మంట సులభంగా ఆరదు. నీళ్లు విస్తారంగా పోసి చల్లార్చాలి. ఆరిందనుకున్నది గంటల తరవాత మళ్లీ రాజుకుంటుంది కూడా.

2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఇంట్లో, స్కూటరు బ్యాటరీని రాత్రి పడకగదిలో ఛార్జికి పెట్టి అందరూ నిద్రపోయారు. తెల్లవారుజామున అది పేలింది. ఇంటాయన చనిపోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాదులో ఒక ముసలాయన కూడా ఇంట్లో ఛార్జవుతున్న బ్యాటరీ పేలి పోయాడు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక హోటలు భవనం అడుగున ఉన్న విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పైన బస చేసినవారిలో 8 మంది ప్రాణాలు కోల్పోయారు. పొగ మెట్లదారినే పట్టుకుని పైకి పాకింది మరి!

ఆ తరవాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. అయినా ఛార్జి ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలోనే ఉన్నది. మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే ఒకసారి చూడండి: ప్లగ్గు ఉన్నది కదా అని గుమ్మం దగ్గరో, మెట్ల కిందో పెడుతున్నారా? అది అంటుకుంటే మీరు బయటికి ఏ దారిన వస్తారు? గాలి ఆడే ఆరుబయట, నీడన, అందరూ మెలకువగా ఉన్నప్పుడు, ఆ బండికిచ్చిన ఛార్జరుతోనే పెట్టమని నాన్నగారికి చెప్పండి. మే నెల ఎండలో తిరిగి వచ్చిన బండిని కాసేపు చల్లారనివ్వాలి. పెట్టె ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా ముట్టుకోకుండా బయటికి వచ్చి, 101కి ఫోను చేయించండి.

మన ప్రాంతానికి వరదలు కూడా కొత్త కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బళ్లు మునిగాయి. అలా మునిగిన బ్యాటరీ పైకి ఆరినట్టే ఉంటుంది. కాని లోపల చేరిన తడి తీగెలనూ సెల్లులనూ తినేస్తూ ఉంటుంది. మెకానిక్కు విప్పి చూసేదాకా దాన్ని ఛార్జికి పెట్టకూడదు, ఇంట్లోకీ తేకూడదు. కొన్ని రోజుల తరవాత కూడా అది అంటుకోగలదు.