పిక్కతో పంతం పనికిరాదు

అర్ధరాత్రి పిక్క పట్టేసి, మంచం మీద లేచి కూర్చుని “అమ్మో!” అన్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అప్పుడు పక్కనున్నవాళ్లు ఏం చేస్తారు? కాలి వేళ్లు పట్టుకుని పాదాన్ని పైకి లాగుతారు. మంచి పనే. అయితే ఆ లాగడానికొక పద్ధతుంది, ఒక హద్దూ ఉంది. డాక్టరునై ఉండి కూడా ఆ సంగతి నేను మా అమ్మ దగ్గర నేర్చుకోవలసి వచ్చింది.

2004 వేసవిలో, నిడదవోలులో మా ఇంటి పెరట్లో నూతి చప్టా మీద జారిపడి అమ్మ చీలమండ విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు సిమెంటు కట్టు. కట్టు విప్పేసరికి పిక్క సన్నబడిపోయింది. పాదం కిందికి వాలి, నిలబడితే మడమ నేలకు ఆనడం లేదు. తెల్లవారగానే కాలవగట్టు మీద నడిచి వస్తే గాని కాఫీ ముట్టని మనిషి, గోడ పట్టుకుని, “ఇంక నా బతుకు ఈ గది వరకేనా అబ్బాయ్?” అంది.

ఆ మాటతో నాకు తొందర పుట్టింది. ఆ సాయంత్రమే పాదం పట్టుకుని బలంగా పైకి వంచాను. ఆవిడ పెట్టిన కేక పక్కింటికి వినబడింది. “నీ డాక్టరీ నీ దగ్గరే ఉంచుకో. నా కాలు నాకొదిలెయ్” అని రెండు రోజులు నన్ను దగ్గరకు రానివ్వలేదు.

తప్పు నాదే. ఎందుకో చెబుతాను.

మన పిక్కలో ముఖ్యంగా రెండు కండలున్నాయి. పైకి కనబడేది గాస్ట్రోక్నీమియస్. అది మోకాలికి పైనుంచి మొదలవుతుంది. దాని అడుగున ఉండే సోలియస్ మోకాలికి దిగువనే మొదలవుతుంది. రెండూ కలిసి, మడమ వెనక చేతికి గట్టిగా తగిలే లావుపాటి నరంలాంటి స్నాయువుగా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. కండ ఎంత సాగుతోందో, ఎంత వేగంగా సాగుతోందో కనిపెట్టే సన్నని పోగులు కండలోనే ఉన్నాయి. ఒక్క కుదుపుతో లాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెంటనే కండ ఎదురుతిరిగి ముడుచుకుంటుంది. అలా కాక మెల్లగా లాగి, అక్కడే ఆపి పట్టుకుంటే కొన్ని సెకండ్లలో బిగువు దానంతటదే సడలుతుంది.

ఆ సడలింపు ఎంతసేపుంటుందంటారా? గంట తిరక్కుండా చాలామట్టుకు పాత బిగువే వచ్చేస్తుంది. కొన్ని వారాలపాటు రోజూ సాగదీస్తే పాదం ఇంకాస్త వంగుతుంది. దాంతో కండ పొడుగైందనుకుంటాం. నిజానికి చాలావరకు జరిగేది, ఆ లాగుడును ఓర్చుకోవడం మనకు అలవాటు కావడమే.

మరి కట్టులో ఉండి పొట్టిదైన కండ మాటేమిటి? కండపోగులో సార్కోమియర్లనే అతిచిన్న భాగాలు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 1972లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పిల్లుల పాదాన్ని కిందికి వంచి కట్టు వేస్తే, సోలియస్‌లో ఆ పెట్టెలు నూటికి 40 తగ్గాయి. కట్టు తీసేశాక నాలుగు వారాల్లో లెక్క మళ్లీ సరిపోయింది.

మనుషుల సంగతి 2005లో ఆస్ట్రేలియాలో తేల్చి చూశారు. చీలమండ విరిగి, కట్టు విప్పాక పాదం బిగిసిపోయిన 150 మందిలో కొందరిచేత వ్యాయామం మాత్రమే చేయించారు. మిగిలినవారిచేత వ్యాయామంతోపాటు పిక్కనూ సాగదీయించారు. సాగదీయడంవల్ల అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు.

అమ్మ మూడోరోజునుంచి తన వైద్యం తానే మొదలుపెట్టింది. అరికాలికి తుండుగుడ్డ వేసి తనకు ఓర్పున్నంత మేరకే లాక్కునేది. ఎముక అతుక్కుంది, బరువు మోపవచ్చునని ఎముకల డాక్టరు చెప్పాడు గనుక, కర్ర ఊతంతో వసారాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేది. రెండు నెలలకు మళ్లీ కాలవగట్టు ఎక్కింది. తుండుగుడ్డవల్లనే నయమైందని చాలాకాలం నేను నలుగురికీ చెప్పాను. ఆ ఫలితాలు చదివాక ఒప్పుకున్నాను. ఆవిడను గట్టు మీదికి చేర్చింది ముఖ్యంగా వసారాలో నడకే.

అలాగని సాగదీయడం దండగ అనుకోకండి. నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు పైబడిన 80 మందితో చేసిన పరిశీలన 2012లో వెలువడింది. ఆరు వారాలపాటు పడుకోబోయే ముందు పిక్కనూ తొడ వెనక కండనూ సాగదీసినవారికి రాత్రిపూట పట్టేయడం తగ్గింది. మీరూ ప్రయత్నించవచ్చు. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి, మోకాలు నిటారుగా ఉంచి ముందుకు వాలండి. 20, 30 సెకండ్లు అలాగే ఉండండి. ఇది పై కండకు. తరవాత అదే మోకాలు కాస్త వంచండి. ఇది అడుగు కండకు. ఒక్కో కాలికి మూడేసిసార్లు చాలు. లాగినట్టుండాలి గాని నొప్పి పుట్టకూడదు.

ఒక్క హెచ్చరిక మాత్రం మరవకండి. ఒక కాలి పిక్కే వాచి, వెచ్చబడి నొప్పిగా ఉంటే లాగకండి, మర్దనా చేయకండి. కట్టు వేయించుకున్నాక, ఆపరేషను అయ్యాక, కాన్పు అయ్యాక, చాలారోజులు మంచాన పడ్డాక ఇలా అయితే మరీ జాగ్రత్త. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే క్షణం ఆగవద్దు.

మామూలు పిక్కనొప్పులకు నా సలహా ఇంతే. నెమ్మదిగా సాగదీయండి, రోజూ నడవండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల కాలు పట్టినప్పుడు, వాళ్లు “నొప్పి” అంటే చెయ్యి తీసెయ్యండి.