సెంట్ల లెక్క

“ఇది ముప్పై సెంట్లండీ” అంటూ కౌంటరు అవతలి కుర్రాడు ఉంగరాన్ని ముందుకి జరిపాడు. మా బావ కళ్ళజోడు సర్దుకున్నాడు. పల్నాడు రైతుకి ముప్పై సెంట్లంటే ఇల్లు కట్టుకుని, గేదెలకి కొట్టం వేసుకుని, ఇంకా నాలుగు మునగచెట్లు పెట్టుకునేంత జాగా. ఉంగరంలో ఉన్నదేమో పెసరగింజంత రాయి.

“క్యారెట్లో నూరోవంతు సెంటు బావా” అన్నాను.

“ఎకరంలో కదూ?” అన్నాడు.

వజ్రాలవాళ్ళకి క్యారెట్టే ఎకరం. ఐదు క్యారెట్లయితే గాని గ్రాము తూగదు. ఆ లెక్కన మా ముందున్న ముప్పై సెంట్లూ 60 మిల్లీగ్రాములు.

మేనకోడలి నిశ్చితార్థానికి ఉంగరం కొనాలని గుంటూరు వచ్చాం. నిజానికిది మన తంతు కాదు. మన పెళ్ళిలో ఉంగరం పనల్లా బిందెలో పడి, ఇద్దరి చేతులకీ దొరక్కుండా జారిపోవడం. పెళ్ళంటే వేలికి వజ్రం అన్న మాట మనదాకా వచ్చిందంటే అది డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ ప్రకటనల చలవ. అందులో 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ రాసిన ‘ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్’ అన్న ఒక్క వాక్యానిదే సగం పుణ్యం. మా ఇళ్ళలో రవ్వలంటే చెవులకీ ముక్కుకీ. అక్క పెట్టుకున్న దుద్దులు వాళ్ళత్తగారివి. వాటికి కాగితం గీగితం లేవు. కాకిపాదం లాంటి మచ్చ ఉన్న రాయి గడప దాటి రాకూడదని ఆవిడ పట్టుదల, అంతే.

ఇప్పుడు కాగితముంది. అందులో రంగుకి డి నుంచి జెడ్ దాకా అక్షరాలు, మచ్చలకి వేరే అక్షరాలు. పదింతలు చూపే భూతద్దంలో కూడా నాకైతే ఏ మచ్చా కనబడలేదు. పసుపుపచ్చ బంగారంలో పొదిగాక రంగులో ఒకటి రెండు మెట్ల తేడా ఎవరికీ తెలియదు కూడా. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది సాన మీద. రాయి లోతు తప్పితే పైనుంచి పడ్డ వెలుగు తిరిగి పైకి రాదు, గండిపడ్డ మడిలో నీళ్ళలా అడుగునుంచి పోతుంది. ఈ మాట బావకి ఇట్టే తెలిసింది.

“ఇరవై ఎనిమిది తీసుకోండి. ముప్పై తాకితే రేటు మారిపోతుంది, కంటికి మాత్రం తేడా ఉండదు” అన్నాడు కుర్రాడు, బావ మొహం చూసి.

“రెండు సెంట్లు గట్టు కింద పోయిందనుకుంటాంలే” అన్నాడు బావ.

ఆయన ఊరికి కొల్లూరు వజ్రాల గనులు ఎంతో దూరం లేవు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే వచ్చి చూసి రాసిపెట్టిన గనులవి. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి చెందిన రీజెంట్ వజ్రం అక్కడిదేనంటారు. అది 140 క్యారెట్ల పైమాట. బావ కొలతలో పద్నాలుగు వేల సెంట్లు! గనులేమో ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్నాయి. ఆ ఊళ్ళ మనిషి గుంటూరు కొట్లో ఏసీ కింద కూర్చుని, పెసరగింజ కోసం రెండు సెంట్ల దగ్గర బేరమాడుతున్నాడు.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. “ల్యాబ్‌లో చేసినవి చూపించండి.”

“చేసినవంటే గాజా?”

“కాదు నాన్నా, వజ్రమే. పల్చటి వజ్రపు ముక్కని సీడ్‌గా పెట్టి, దాని మీద కార్బన్ పేరుకునేలా పెంచుతారు. కొన్ని వారాల్లో వచ్చేస్తుంది.”

“విత్తనం ఉందన్నమాట” అన్నాడు బావ, కాస్త మెత్తబడి. “మట్టి ఎరగని పంట.”

కొట్లో దీపాల కింద అన్ని రాళ్ళూ మెరిసి చస్తాయి. అందుకని రెండు ఉంగరాలూ తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచాం. వెనకాలే సెక్యూరిటీ అతనూ వచ్చాడు. నీడపట్టున పట్టుకు చూస్తే నేల రాయి మధ్యలో మసకగా, పొగ పట్టిన లాంతరు చిమ్నీలా ఉంది. పెంచిన రాయి పిల్ల వేలు కదిపినప్పుడల్లా పలికింది. పైగా అది యాభై సెంట్లు, ధరా తక్కువే.

“తిరిగి ఇస్తే ఎంతొస్తుంది?” అన్నాడు బావ. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నేల రాయికైనా వాడి జవాబు పెద్ద గొప్పగా ఏం ఉండదు. వేలు పిల్లది గనక పిల్ల మాటే నెగ్గింది.

బిల్లు చేస్తూ, రాయి నడుం చుట్టూ లేజరుతో చెక్కిన నంబరు భూతద్దంలో చూపించాడు. అదే నంబరు కాగితం మీదా ఉంది, కింద పొడవు వెడల్పులతో బొమ్మ. బావ తాపీగా పోల్చి చూసుకున్నాడు.

“సర్వే నంబరు, కొలతలు సరిపోయాయి” అన్నాడు.

ఇంటికొచ్చాక బీరువా తీసి, ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు.