కోత రోజు హక్కు

సికింద్రాబాదు లాలాగూడాలో మా ఇంటి వెనుక నాలుగు మంచాలు పట్టేంత పెరడు ఉన్నది. రైల్వే కార్ఖానాకు పేరుపొందిన ఈ పేటలో ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. కనుక ఇంతపాటి నేల దక్కడమే అల్లాహ్ అనుగ్రహమని భావిస్తాము. మదరసాలో ముప్పై సంవత్సరాలుగా హదీసు, ఫిఖ్హ్ బోధిస్తున్న మాకు మట్టిపని నేర్పినవి గ్రంథాలు కావు, మా శ్రీమతి. ఆమె వ్యవసాయ కుటుంబంలో పుట్టి పెరిగినది.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే బెండ, బీర, సొర గింజలు నాటుతాము. గోడవారన దొండ తీగ, పుదీనా ఏడాది పొడుగునా ఉంటాయి. పుంటికూర వానకాలమంతా చిగురిస్తుంది. ఫజర్ నమాజు ముగించుకొని వచ్చి కోతకు దిగుతాము. ఎండ రాకముందు కోసిన కాయ త్వరగా వాడదు. బెండకాయలను రోజు విడిచి రోజు కోయాలి. అశ్రద్ధ చేస్తే ముదిరి పీచు పడతాయి. సొరకాయకు గోరు సులువుగా దిగితే అది లేతదని గుర్తు. దానిని లాగి తెంపితే తీగ నలుగుతుంది, తొడిమ కొంత ఉంచి కత్తితో కోయాలి. పుంటికూరను వేరుతో సహా పెరకక కొనలు తుంచితే మళ్లీ చిగుళ్లు వేస్తుంది.

సొరకాయ అంటే దైవప్రవక్త (స) కు ప్రీతి. ఒక దర్జీ ఇచ్చిన విందులో ఆయన (స) పళ్లెంలో సొరకాయ ముక్కలను వెతికి తినడం చూసినది మొదలు తమకూ అది ప్రియమైనదని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. అందుచేత మా పందిరి మీది సొర పాదుపై మాకు మమకారం ఎక్కువ. గత వానకాలంలో ఒక కాయ ఎంతో నిగనిగలాడుతూ పెరిగినది. శుక్రవారం మా కుమార్తె, అల్లుడు వస్తున్నారు. వారికి ఆ కాయతో దాల్చా వండించాలని దానిని కాచుకొని ఉన్నాము.

గురువారం ఫజర్ తరువాత పెరటిలోకి వెళ్లి చూస్తే కాయ లేదు. తొడిమ కత్తితో కోసినట్లు నున్నగా ఉన్నది. కోతుల పని కాదని స్పష్టమైనది. మా మనసు వెంటనే ఒక విద్యార్థి మీదికి పోయినది. మదరసా వసతిగృహంలో ఉండే ఆ పిల్లవాడు సాయంత్రాలు వచ్చి మా మొక్కలకు నీళ్లు పోసేవాడు. తరగతిలో అందరి ఎదుట, "నిన్న మా పందిరి దగ్గరికి ఎవరు వెళ్లారు?" అని అడిగాము. పేరు పలుకలేదు. కాని మా చూపు అతని మీదనే నిలిచినది. అతడు తల వంచుకున్నాడు. మాకు అదే సాక్ష్యమైనది.

ఆనాటి పాఠం మిష్కాత్‌లో దానాల ఘనతను గురించిన అధ్యాయం. మూలపాఠం చదివే వంతు ఆ పిల్లవానిదే. ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తు చల్లినా, దానిలో మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి సదఖా అవుతుందనే హదీసు అది. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనంలో మరొక మాట ఉన్నది. దానిలో నుండి దొంగిలించబడినది కూడా అతనికి సదఖాయే. ఆ మాట దగ్గర పిల్లవాని గొంతు ఆగిపోయినది. ముప్పై సంవత్సరాలుగా మేము వివరిస్తూ వచ్చిన హదీసుకు ఆ రోజు మా నోట వివరణ రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి జరిగినది చెప్పాము. మా శ్రీమతి ఆశ్చర్యపోయినది. "ఆ కాయ నేనే కోశానండీ. పక్కింటి పెద్దమ్మకు జ్వరం తగ్గింది గాని, పళ్లు లేక ఏమీ నమలలేకపోతున్నది. మెత్తగా ఉడికే కూర అని రాత్రి ఇచ్చి వచ్చాను. మీరు ఇషా తరువాత ఆలస్యంగా వచ్చారు, చెప్పడానికి వీలు కాలేదు" అన్నది.

చెడు అనుమానం గొప్ప అబద్ధమని ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మాకు తెలియనిది కాదు. తెలిసిన విద్య అవసరమైన ఘడియలో అక్కరకు రాకపోతే దాని భారం రెండింతలు. ఒంటరిగా పిలిచి ఓదారిస్తే చాలునని మనసు సర్దిచెప్పబోయినది. కాని అవమానం అందరి ఎదుట జరిగినది. కనుక శనివారం అదే తరగతిలో, అందరి ఎదుటనే, "బాబూ, తప్పు మాది. మమ్మల్ని మన్నించు" అన్నాము. అతడు కంగారుపడి లేచి నిలబడి, "హజ్రత్, ఆ ముందురోజు నేను నీళ్లు పోయడం మరిచిపోయాను. అందుకే తల వంచుకున్నాను" అన్నాడు.

తరువాత ఒక విద్యార్థి, ఇంటి పెరటి కాయగూరలకు ఉష్ర్ ఉన్నదా అని అడిగాడు. నేల పండించిన దానిలో, కొంచెమైనా ఎక్కువైనా, ఉష్ర్ ఉన్నదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. నిలువ ఉండని కూరగాయలకు లేదని ఆయన శిష్యులిద్దరి అభిప్రాయం. ఇంటి ప్రాంగణంలో కాసిన దానికి మాత్రం హనఫీ ఫిఖ్హ్‌లో ఉష్ర్ లేదు. ఇది చెబుతూనే మాకు సిగ్గు కలిగినది. ఉష్ర్ లేదన్న మసలా మాకు కంఠస్థం. పక్కింటి పెద్దమ్మ పథ్యం సంగతి మాత్రం మాకు తెలియదు. పంట చేతికి వచ్చిన రోజునే దాని హక్కు చెల్లించాలనీ, వృథా వ్యయం చేయరాదనీ అన్ఆమ్ సూరా 141వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆదేశ సారాన్ని మా ఇంట ఆచరించినది మా శ్రీమతియే.

మన బోయిన్‌పల్లి మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థంతో విద్యుత్తు తయారు చేసే ఏర్పాటు చేశారు. అది మెచ్చదగిన పని. అయితే ఇంటిలో మిగిలినది కుళ్లకముందే పొరుగింటికి చేరితే అంతకంటె మేలు. ఇప్పుడు మా ఇంట కోత బుట్టలో మొదటి పిడికెడు పొరుగువారిది. ఆ పిల్లవాడు నేటికీ సాయంత్రాలు నీళ్లు పోయడానికి వస్తున్నాడు. వెళ్లేటప్పుడు తనకు నచ్చిన కాయను తానే కోసుకొంటాడు. అల్లాహ్ మన నేలకు బర్కత్‌ను, మన మనసులకు సద్భావాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.