సిరవార దారిలో కసవు మాట

రాయచూరు నుంచి లింగసుగూరు వైపు వెళ్ళే దారిలో సిరవార వస్తుంది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ప్రాంతమిది. ఒకప్పుడు మాన్వి తాలూకాలోని ఊరు, ఇప్పుడు తానే తాలూకా కేంద్రం. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారాక కోస్తా రైతులు ఎందరో ఈ జిల్లాకు తరలివచ్చి, పొలాల మధ్య 'క్యాంపులు' కట్టుకున్నారు. అందుకే ఈ వైపు కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది.

రెండు భాషలనూ కలిపే మాట ఒకటుంది. కన్నడిగులు చెత్తను 'కస' అంటారు. రాయలసీమలో మనవాళ్ళు 'కసవు ఊడ్చడం' అంటారు. చెత్త బండి వాళ్ళు అడిగే 'హసి కస', 'ఒణ కస' మన తడి చెత్త, పొడి చెత్తే.

మన పెద్దలకు ఈ వేరు చేయడం ఎవరూ నేర్పలేదు. పేడ, బూడిద, కూరగాయల తొక్కులు పెంటదిబ్బకు పోయేవి. ఏడాది తిరిగేసరికి ఎరువై చేనుకు చేరేవి. పాత ఇనుముకు ఉల్లిపాయలు, పాత చీరలకు స్టీలు గిన్నెలు వచ్చేవి. ప్లాస్టిక్ సంచి వచ్చాక లెక్క తప్పింది. అది దిబ్బలో చివకదు. ఎరువుతో పాటు మడిలోకి పోతుంది, కాలువ తూముకు అడ్డం పడుతుంది.

కర్ణాటక గ్రామ పంచాయతీల్లో చెత్త వేరుచేసే కేంద్రాన్ని 'స్వచ్ఛ సంకీర్ణ' అంటారు. చాలాచోట్ల బండి నడిపేది స్వయం సహాయక సంఘాల మహిళలే. ఆంధ్రలో ఇలాంటివాటికి 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు' అని పేరు. పని ఒకటే: తడి చెత్తను ఎరువు చేయడం, పొడి చెత్తను రకాలవారీగా ఏరి అమ్మడం. అయితే సాంబారులో తడిసిన అట్టపెట్టెను ఎవరూ కొనరు. ఇంట్లో కలిపేసింది కేంద్రంలో విడదీయడం కష్టం.

పైగా ఏరేది చేతులతో. అన్నం మెతుకుల మధ్య బ్లేడో, గాజుపెంకో ఉంటే తెగేది ఒక తల్లి చేయి. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తను ఇంటివారే వేరు చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. బ్లేడ్లు, సూదులు, పసిపిల్లల డైపర్లు విడిగా, గుర్తు పెట్టి ఇవ్వాలి.

విదేశాల్లో మన పిల్లలు సీసాలు కారులో వేసుకుని రీసైక్లింగ్ కేంద్రానికి వెళ్ళి, దేని తొట్టిలో దాన్ని వేస్తున్నారు. సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చినప్పుడు కూడా ఆ అలవాటు మానవద్దని చెప్పండి. వంటింట్లో రెండు బుట్టలు పెట్టే పని వాళ్ళకే అప్పగించండి.